లీగ్ ఏజ్ తొమ్మిది, నిండినవి ఎనిమిది: మీవాణ్ని ఏ డివిజన్‌లో ఆడించాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. మీ అబ్బాయి జూలై చివర్లో పుట్టాడు. ఇంకా ఎనిమిదేళ్లే నిండాయి, కానీ లిటిల్ లీగ్ (అమెరికాలో పిల్లల బేస్‌బాల్ లీగ్) రిజిస్ట్రేషన్‌లో తొమ్మిది అని చూపిస్తోంది. నిరుడు కోచ్ పిచ్, అంటే కోచే బంతి వేసే ఆట, ఆడాడు. ఈసారి ఇవాల్యుయేషన్ (పిల్లల ఆట చూసి మార్కులు వేసే పరీక్ష) అయ్యాక డబుల్ ఎ డివిజన్‌లో వేశారు. వాడి క్లాసులోనే చదివే స్నేహితుణ్ని, అక్టోబర్‌లో పుట్టినవాణ్ని, దాని పైమెట్టు ట్రిపుల్ ఎకి తీసుకున్నారు. మీవాడు క్రికెట్ ఆడతాడు, బంతిని గట్టిగా కొడతాడు, అయినా కింద ఎందుకు వేశారు, బోర్డు వాళ్లతో మాట్లాడి పైకి మార్పించాలా అని అడిగారు.

నేను పదకొండు సీజన్లుగా లిటిల్ లీగ్‌లో కోచింగ్ చేస్తున్నాను. అందులో మూడేళ్లు ప్లేయర్ ఏజెంట్‌గా, అంటే ఇవాల్యుయేషన్లు, జట్లకి పిల్లల్ని ఎంచుకునే డ్రాఫ్టు జరిపించే మనిషిగా పనిచేశాను. నా జవాబు ముందే చెప్పేస్తాను: ఈ వసంతానికి మార్పించకండి. డబుల్ ఎలోనే ఆడనివ్వండి. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ విషయంలో నేను ఒకసారి తప్పు చేశాను, దాని ఫలితం మా అబ్బాయి అనుభవించాడు.

మొదట వయసు సంగతి. ఫామ్‌లో తప్పేమీ లేదు. లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో ఆ సంవత్సరం ఆగస్టు 31 నాటికి పిల్లవాడికి ఎన్నేళ్లు నిండుతాయో అదే లీగ్ ఏజ్. ఆట మార్చిలో మొదలై జూన్‌లో ముగిసినా లెక్క మాత్రం ఆగస్టు చివరి రోజుదే. మీవాడి తొమ్మిదో పుట్టినరోజు వచ్చేసరికి సీజన్ అయిపోయి ఉంటుంది. అయినా సీజనంతా వాడు తొమ్మిదేళ్ల పిల్లల లెక్కలోనే ఆడతాడు. స్నేహితుడు అక్టోబర్ పుట్టుక కాబట్టి వాడికి తొమ్మిది ఎప్పుడో నిండిపోయాయి. ఇద్దరి లీగ్ ఏజ్ ఒకటే, కానీ మధ్యలో తొమ్మిది నెలల తేడా ఉంది. మనకి తొమ్మిది నెలలు పెద్ద లెక్క కాదు. ఎనిమిదేళ్ల వాడికి అది వాడు బతికిన కాలంలో దాదాపు పన్నెండో వంతు. ఆ తొమ్మిది నెలల్లో చెయ్యి ఎంత బలపడుతుందో, కన్ను, చెయ్యి ఎంత కలిసి పనిచేయడం నేర్చుకుంటాయో మైదానంలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఈ కట్ఆఫ్ తేదీ ఎప్పుడూ ఇదే కాదు. చాలా దశాబ్దాలు జూలై 31 ఉండేది, 2006లో ఏప్రిల్ 30 చేశారు, 2018 సీజన్ నుంచి ఆగస్టు 31 వైపు మార్చారు. జూలై 31 ఉన్న రోజుల్లో ఆగస్టులో పుట్టిన పిల్లలు తమ జట్టులో అందరికన్నా పెద్దవాళ్లు, జూలైలో పుట్టినవాళ్లు అందరికన్నా చిన్నవాళ్లు. ఆ కాలంలో పెరిగి మేజర్ లీగ్ బేస్‌బాల్ దాకా వెళ్లిన అమెరికా ఆటగాళ్లను చూస్తే జూలైలో పుట్టినవాళ్ల కంటే ఆగస్టులో పుట్టినవాళ్లు స్పష్టంగా ఎక్కువ. ఆగస్టులో పుట్టినవాళ్లకి ప్రతిభ ఎక్కువని కాదు కదా. కొంచెం పెద్దవాళ్లు కాబట్టి కొంచెం బాగా ఆడారు, బాగా ఆడారు కాబట్టి షార్ట్‌స్టాప్ లాంటి ముఖ్యమైన ఫీల్డింగ్ చోట్ల, పిచింగ్‌లో (బంతి వెయ్యడంలో) అవకాశాలు వచ్చాయి, అవకాశాలు వచ్చాయి కాబట్టి ఆటలో ఉండిపోయారు. చిన్నవాళ్లు బంతి పెద్దగా రాని రైట్ ఫీల్డ్‌లో నిలబడి, నిలబడి మానేశారు. ఇప్పుడు ఆ చివరి వరసలో ఉండేది జూన్, జూలై, ఆగస్టు పిల్లలు. మీవాడు సరిగ్గా అక్కడున్నాడు. వాణ్ని ట్రిపుల్ ఎకి పంపితే ఆ తొమ్మిది నెలల మీద ఇంకో రెండేళ్లు చేరతాయి, ఎందుకంటే అక్కడ పదేళ్ల వాళ్లు, పదకొండేళ్ల వాళ్లు కూడా ఉంటారు.

ఇక డివిజన్లు. లిటిల్ లీగ్ నిబంధనల్లో ఉన్న విభజన పెద్దపెద్ద ముక్కలే. టీ బాల్ (స్టాండు మీద పెట్టిన బంతిని కొట్టే ఆట) నాలుగు నుంచి ఏడేళ్ల వరకు, మైనర్స్ ఐదు నుంచి పదకొండు, మేజర్స్ తొమ్మిది నుంచి పన్నెండు, ఇంటర్మీడియట్ పదకొండు నుంచి పదమూడు, జూనియర్స్ పన్నెండు నుంచి పద్నాలుగు, సీనియర్స్ పదమూడు నుంచి పదహారు. ఒకదాని మీద ఒకటి ఎంత ఎక్కుతున్నాయో చూడండి. పదకొండేళ్ల వాడు మైనర్స్‌కీ అర్హుడే, మేజర్స్‌కీ అర్హుడే, ఇంటర్మీడియట్‌కీ అర్హుడే. కావాలనే అలా పెట్టారు. వయసు గేటు దాకా తీసుకొస్తుంది, లోపల ఎక్కడ నిలబెట్టాలో నైపుణ్యం చెబుతుంది. పన్నెండేళ్ల వాళ్లకి మాత్రం కిందికి దిగే వెసులుబాటు దాదాపు లేదు. వాళ్లు మేజర్స్‌లోనో ఆ పైనో ఉండాలి, అలా కాకుండా మైనర్స్‌లో ఆడాలంటే తల్లిదండ్రులు, లీగ్ బోర్డు ఒప్పుకున్నాక డిస్ట్రిక్ట్ అడ్మినిస్ట్రేటర్ (చుట్టుపక్కల లీగులన్నిటినీ చూసుకునే మనిషి) కూడా రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి.

మైనర్స్ లోపల సింగిల్ ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అనే మెట్లు ఆయా ఊళ్ల లీగులు సొంతంగా పెట్టుకున్నవి. పేర్లు ప్రొఫెషనల్ బేస్‌బాల్ నుంచి తెచ్చుకున్నారు. అందుకే ఒక ఊళ్లో డబుల్ ఎ అంటే మెషీన్ బంతి వేస్తుంది, పక్క ఊళ్లో డబుల్ ఎ అంటే పిల్లలే వేస్తారు. ఇంకొన్ని చోట్ల జంతువుల పేర్లు, రంగుల పేర్లు కూడా పెడతారు. లిటిల్ లీగ్ కాకుండా PONY అనే వేరే లీగ్ ఉన్న ఊళ్లలో పేర్లన్నీ గుర్రాలవే: షెట్లాండ్, పింటో, మస్టాంగ్, బ్రాంకో, అలా రెండేసి సంవత్సరాలకి ఒకటి. కాబట్టి అక్షరాలు చూసి ఎక్కువ తక్కువలు అనుకోవద్దు. అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: బంతి ఎవరు వేస్తారు?

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో నెమ్మదిగా చెప్తాను, అసలు విషయమంతా అక్కడే ఉంది.

కోచ్ పిచ్‌లో పెద్దమనిషి మోకాలి మీద కూర్చుని, పిల్లవాడి బ్యాట్‌కి తగిలేలా మెత్తగా బంతి వేస్తాడు. తగలాలనే వేస్తాడు. కిడ్ పిచ్‌లో బంతి వేసేవాడు కూడా పిల్లవాడే. వాడికి బంతి ఎటు పోతుందో వాడికే తెలియదు. ఆ మార్పు ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకి ఈ ఆటలో ఎదురయ్యే అన్నిటికన్నా పెద్ద మెట్టు. టీ బాల్ నుంచి కోచ్ పిచ్‌కి వెళ్లడం దాని ముందు ఏమీ కాదు.

ఇప్పుడు దూరం చూడండి. మైనర్స్‌లోనూ మేజర్స్‌లోనూ పిచర్ (బంతి వేసేవాడు) నిలబడేది హోమ్ ప్లేట్‌కి, అంటే బ్యాటర్ ఉండే చోటికి, 46 అడుగుల దూరంలో, బేసుల మధ్య 60 అడుగులు. పెద్దవాళ్ల మైదానంలో అవి 60 అడుగుల 6 అంగుళాలు, 90 అడుగులు. ఆ 46 అడుగుల నుంచి ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడు గంటకి 40 మైళ్ల వేగంతో వేస్తే బంతి రావడానికి 0.8 సెకను దగ్గర పడుతుంది. పదేళ్లు దాటిన గట్టి పిల్లవాడు 50 మైళ్లు వేస్తే 0.63 సెకను. మేజర్స్‌లో పన్నెండేళ్ల వాడు 60 మైళ్లు వేస్తే 0.52 సెకను. ఆ చివరిది పెద్దల మైదానంలో దాదాపు 79 మైళ్ల బంతిని ఎదుర్కొన్నట్టు. పిల్లవాడు బంతిని చూసి, స్ట్రైకా (కొట్టదగ్గ చోటికి వచ్చే బంతా) కాదా అని తేల్చుకుని, బ్యాట్ తిప్పాలి, లేదా ఒంటి మీదకి వస్తుంటే తప్పుకోవాలి. ఆ కొద్దిపాటి తేడాలోనే వాడికి ఆట మీద ఇష్టం పుట్టేదీ భయం పుట్టేదీ ఉంది.

మా అబ్బాయి కథ ఇక్కడ చెప్పాలి. వాడు కోచ్ పిచ్‌లో జట్టు మొత్తానికి బాగా కొట్టేవాడు. తర్వాతి ఏడాది వాడికి లీగ్ ఏజ్ తొమ్మిది. అప్పటి మా లీగ్‌లో ట్రిపుల్ ఎ జట్టు ఒకదానికి పిల్లలు తక్కువయ్యారు. తీసుకుంటామని ఒక కోచ్ అన్నాడు, నేను సంతోషంగా ఒప్పుకున్నాను. రెండో మ్యాచ్‌లో ఎదుటి జట్టు నుంచి పొడుగ్గా ఉన్న పదకొండేళ్ల కుర్రాడు పిచింగ్‌కి వచ్చాడు. మూడో బంతి మావాడి పక్కటెముకల మీద తగిలింది. ఏడవలేదు, ఫస్ట్ బేస్‌కి నడుచుకుంటూ వెళ్లాడు, అందరూ చప్పట్లు కొట్టారు. రాత్రి చొక్కా విప్పితే ఎర్రగా కమిలిన చోట బేస్‌బాల్ కుట్లు వరసగా అచ్చు పడి ఉన్నాయి. లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా. ఐస్ పెట్టాం, రెండు రోజుల్లో తగ్గింది.

కానీ ఆ తర్వాత నుంచి వాడు బ్యాటింగ్‌కి వెళ్తే బంతి పిచర్ చేతిలోంచి వదలకముందే ఎడమ కాలు థర్డ్ బేస్ వైపు జరిగిపోయేది. కుడిచేతి వాటం పిల్లలు ముందు కాలు పిచర్ వైపు వెయ్యాలి. అది పక్కకి పడిందంటే ఒళ్లు పారిపోతోందని అర్థం. మూడు స్ట్రైకులు బ్యాట్ తిప్పకుండానే అయిపోయేవి. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఏంటంటే, ఔటై తిరిగి వస్తుంటే వాడి ముఖంలో నిరాశ ఉండేది కాదు, హమ్మయ్య అన్నట్టు ఉండేది. ఫీల్డింగ్‌లో రైట్ ఫీల్డ్‌లో రెండు ఇన్నింగ్స్. లిటిల్ లీగ్ నిబంధన ప్రకారం ప్రతి పిల్లవాడికీ కనీసం ఆరు డిఫెన్సివ్ ఔట్లు (ఎదుటి జట్టులో ఆరుగురు ఔటయ్యేదాకా ఫీల్డింగ్), అంటే రెండు ఇన్నింగ్స్, ఒకసారి బ్యాటింగ్ ఇవ్వాలి. గెలవాలనే పట్టుదల ఉన్న కోచ్ దగ్గర బలహీనమైన పిల్లలకి దక్కేది సరిగ్గా ఆ కనీసమే. మావాడికి సీజనంతా బంతి వచ్చింది ఎన్నిసార్లని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జూన్‌లో వాడే అన్నాడు, నాన్నా, ఇంక ఆడను అని.

మరుసటి ఏడాది బతిమాలి డబుల్ ఎలో వేయించాను. భయం పోవడానికి మళ్లీ సగం సీజన్ పట్టింది. గరాజ్ ముందు టెన్నిస్ బంతులతో రోజూ సాయంత్రం వేసేవాణ్ని, కొన్ని కావాలనే ఒంటి మీదకి వేసి వీపు తిప్పి తప్పుకోవడం నేర్పించాను. మొదటి ఏడాదే వాణ్ని వాడి స్థాయిలో ఉంచి ఉంటే ఇదంతా అక్కర్లేదు.

అందుకే నేను ఇప్పుడు ఎవరికైనా చెప్పే కొలమానం ఒకటుంది. ఆ జట్టులో పిల్లలందరినీ ఆటని బట్టి వరసలో నిలబెడితే మీవాడు మధ్యలో ఎక్కడో ఉండాలి. మధ్యలో ఉన్నవాడికి ఇన్‌ఫీల్డ్‌లో, అంటే బేసుల దగ్గర, ఆడే అవకాశం వస్తుంది, బంతి వస్తుంది, కొన్ని పట్టుకుంటాడు, కొన్ని వదిలేస్తాడు, పైవాళ్లను చూసి నేర్చుకుంటాడు. చివర్లో ఉన్నవాడు చూస్తూ ఉంటాడు. చూసి నేర్చుకునే ఆట కాదిది. సీజన్‌కి వంద గ్రౌండ్ బాల్స్ (నేల మీద వచ్చే బంతులు) పట్టినవాడికీ పది పట్టినవాడికీ తేడా మరుసటి ఏడాది తెలుస్తుంది.

పైకి పంపడమే సరైన సందర్భాలు కూడా ఉన్నాయి, లేవని అనను. మా దగ్గర ఎనిమిదేళ్ల అమ్మాయి ఒకతె కోచ్ పిచ్‌లో ఉండేది. థర్డ్ బేస్ నుంచి ఫస్ట్ బేస్‌కి విసిరితే బంతి ఈటెలా వచ్చేది. ఫస్ట్ బేస్‌లో ఉన్న పిల్లవాడికి అది పట్టడం రాదు. ఒకరోజు ముఖం తిప్పుకున్నాడు, బంతి చెంపకి తగిలింది. ఆ వారమే ఆ అమ్మాయిని కిడ్ పిచ్‌కి పంపించాం. అక్కడ ఆమె విసిరితే పట్టేవాళ్లున్నారు, ఆమె ఆట ఇంకా పెరిగింది. మీవాడి చేతిలోంచి వెళ్లే బంతి, బ్యాట్ నుంచి వెళ్లే బంతి తోటి పిల్లలకి ప్రమాదమయ్యే స్థాయిలో ఉంటే, కోచ్ తనంతట తానే వచ్చి మీతో మాట్లాడతాడు. మీరు అడగక్కర్లేదు. (అమ్మాయిలకి కూడా ఇదే లీగా అని కొందరు అడుగుతుంటారు. 1974 నుంచి లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో అమ్మాయిలు ఆడొచ్చు. సాఫ్ట్‌బాల్ వేరే, దాని వయసు కట్ఆఫ్ తేదీ విడిగా చూసుకోవాలి, కాబట్టి చెల్లెలు ఉంటే అన్న లెక్క ఆమెకి వెయ్యకండి.)

ఇవాల్యుయేషన్‌లో మీవాడికి మార్కులు ఎందుకు తగ్గి ఉంటాయో నేను ఊహించగలను. వీపు మీద నంబర్ అంటిస్తారు, మూడు నాలుగు గ్రౌండ్ బాల్స్, రెండు మూడు గాల్లో బంతులు, ఐదారు సార్లు బ్యాటింగ్, ఒక పరుగు, కొంతమందికి పిచింగ్. కోచ్‌లు వరసగా కుర్చీల్లో కూర్చుని ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. ఒక్కో పిల్లవాడికి మొత్తం మూడు నాలుగు నిమిషాలు దక్కుతాయి. అంత తక్కువ టైమ్‌లో టెన్షన్ పడ్డ పిల్లవాడు తన ఆట చూపించలేడు. అది ఈ పద్ధతిలో నిజమైన లోపం, నేను ఒప్పుకుంటాను. కానీ నేను కూర్చున్నప్పుడు చూసినవి రెండే: గాల్లో వస్తున్న బంతి కిందకి వెళ్తున్నాడా, వెనక్కి తగ్గుతున్నాడా. బ్యాటింగ్‌లో ముందు కాలు ఎటు పడుతోంది. ఎంత దూరం కొట్టాడన్నది నేను రాసుకునేవాణ్ని కాదు.

క్రికెట్ ఆడిన పిల్లల్లో నేను చూసిన ఇబ్బంది కూడా ఇక్కడే వస్తుంది. మన పిల్లలకి కన్ను బాగుంటుంది, చేతులు మెత్తగా బంతి కిందకి వెళ్తాయి, అవి చాలా పెద్ద వరాలు. కానీ క్రికెట్‌లో బంతి నేల మీద పడి లేస్తుంది. నడుము పైకి నేరుగా వచ్చే ఫుల్ టాస్‌ని నో బాల్ అంటాం. బేస్‌బాల్‌లో వచ్చేవన్నీ ఫుల్ టాసులే. మంచి బంతే నడుము ఎత్తున వస్తుంది. పిల్లవాడి మనసు దాన్ని ప్రమాదంగా చూడటం మానడానికి కొంత కాలం పడుతుంది. నచ్చని బంతిని వదిలేసే అలవాటు ఇంకొకటి, ఇక్కడ స్ట్రైక్ జోన్‌లో మూడు వదిలితే కథ ముగిసినట్టే. గ్లవ్ ఉన్న చెయ్యి మరిచిపోయి ఉత్త చేత్తో పట్టబోవడం మూడోది. మావాడు మొదట్లో బ్యాట్ పట్టుకునే ఫస్ట్ బేస్‌కి పరిగెత్తేవాడు, అదొక్కటి రెండు వారాల్లో పోయింది. ఇవన్నీ నెమ్మదైన బంతుల దగ్గర తొందరగా సర్దుకుంటాయి. వేగమైన బంతుల దగ్గర సర్దుకోవు, గట్టిపడతాయి.

డబుల్ ఎలో లోపం లేదా అంటే ఉంది. పిచర్లు స్ట్రైకులు వెయ్యలేరు. స్ట్రైక్ కాని బంతులు (బాల్స్) నాలుగు పడితే బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి నడుస్తాడు, అదే వాక్. నాలుగు బాల్స్, వాక్, నాలుగు బాల్స్, వాక్, ఇలా ఇన్నింగ్స్ అంతా నడకే అయిపోతుంది. మైనర్స్‌లో ఒక జట్టు ఒక ఇన్నింగ్స్‌లో ఐదు పరుగులు చేస్తే బ్యాటింగ్ ఆపించే నిబంధన అందుకే పెట్టారు. బాగా కొట్టే పిల్లలకి ఇది విసుగు. అందుకే మీ లీగ్‌ని మీరు అడగాల్సింది, పైకి మారుస్తారా అని కాదు, ఇవి: నాలుగు బాల్స్ అయ్యాక వాక్ ఇస్తారా, లేక కోచ్ వచ్చి మిగతా స్ట్రైకులు తనే వేస్తాడా? పిల్లలందరూ వరసగా బ్యాటింగ్ చేస్తారా? ప్రతి పిల్లవాడికీ ఇన్‌ఫీల్డ్‌లో ఇన్ని ఇన్నింగ్స్ అని నియమం ఉందా? బేస్ దొంగిలించనిస్తారా, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తనిస్తారా? మామూలు బంతి వాడతారా, మెత్తటి బంతి వాడతారా? ఈ జవాబులు ఒక్కో లీగ్‌కి ఒక్కోలా ఉంటాయి, మీవాడి వసంతం ఎలా గడుస్తుందో ఇవే తేలుస్తాయి.

పిచింగ్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్తాను. డబుల్ ఎలో మీవాడికి పిచింగ్ అవకాశం వస్తుంది, ట్రిపుల్ ఎలో వచ్చేది కాదు. లిటిల్ లీగ్‌లో ఏడు, ఎనిమిదేళ్ల వాళ్లకి రోజుకి గరిష్ఠంగా 50 బంతులు, తొమ్మిది, పదేళ్ల వాళ్లకి 75. ఇది కూడా లీగ్ ఏజ్ ప్రకారమే లెక్క. కాబట్టి నిబంధన ప్రకారం మీవాడు 75 వెయ్యొచ్చు. వాడి మోచెయ్యికి మాత్రం ఎనిమిదేళ్లే. మీరు కోచ్‌కి ముందే చెప్పండి, 50 దాటనివ్వొద్దని. ఏ మంచి కోచ్ అయినా వింటాడు. విశ్రాంతి రోజులు కూడా మీరే లెక్క పెట్టుకోండి: 20 లోపు వేస్తే విశ్రాంతి అక్కర్లేదు, 21 నుంచి 35 వేస్తే ఒక రోజు, 36 నుంచి 50 వేస్తే రెండు రోజులు, 51 నుంచి 65 వేస్తే మూడు రోజులు, ఆ పైన నాలుగు రోజులు. ఇంట్లో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.

మీరు రాసిన చివర్లో ఎవరో ట్రావెల్ జట్టుకి (ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే జట్టుకి) పిలుస్తున్నారని, అక్కడ మీవాణ్ని ఎనిమిదేళ్ల జట్టులో వేస్తామన్నారని ఉంది. అది కూడా తప్పు కాదు. ట్రావెల్ టోర్నమెంట్లలో చాలా వాటికి కట్ఆఫ్ మే 1. ఆ తేదీకి మీవాడికి ఎనిమిదే కదా. అంటే ఒకే పిల్లవాడు ఒకచోట తొమ్మిది, ఇంకోచోట ఎనిమిది. నిజం చెప్పాలంటే జూలై పిల్లలకి ఆ తేదీయే కలిసొస్తుంది, అక్కడ వాడు పెద్దవాళ్ల వైపు ఉంటాడు. అయితే అక్కడ కూడా డబుల్ ఎ, ట్రిపుల్ ఎ, మేజర్ అనే మాటలు వినిపిస్తాయి, వాటికీ మీ ఊరి లీగ్ డివిజన్లకీ ఏ సంబంధం లేదు, అవి జట్టు బలాన్ని బట్టి ఇచ్చే తరగతులు. బ్యాట్ విషయంలో కూడా జాగ్రత్త. లిటిల్ లీగ్ మైనర్స్, మేజర్స్‌లో 2018 నుంచి, ఒంటి చెక్కతో చేసినవి కాకపోతే, యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉన్న బ్యాట్లతోనే ఆడాలి. చాలా ట్రావెల్ టోర్నమెంట్లలో వాడే యూ ట్రిపుల్ ఎస్ ఎ ముద్ర బ్యాట్ తీసుకొస్తే అంపైర్ పక్కన పెట్టిస్తాడు. రెండు జట్లలో ఆడిస్తే పిచింగ్ లెక్క రెండింటికీ కలిపి పెట్టాల్సింది మీరే. శనివారం ఒకచోట ఎన్ని వేశాడో ఆదివారం ఇంకోచోట కోచ్‌కి తెలియదు. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల్లో ఈ వయసు పిల్లలు ఏడాదిలో కనీసం నాలుగు నెలలు బంతి విసరకుండా ఉండాలని ఉంది. నా అభిప్రాయం అడిగితే ఈ ఏడాది ట్రావెల్ వద్దు. పదేళ్లు నిండాక ఆలోచించండి.

లీగ్ వాళ్లతో మాట్లాడటం తప్పని నేను అనను. కానీ కోచ్‌ని మైదానంలో, డగౌట్ (జట్టు కూర్చునే చోటు) దగ్గర, పిల్లల ముందు అడగకండి. ప్లేయర్ ఏజెంట్‌కి మెయిల్ రాయండి. మావాణ్ని ఎందుకు పైకి వెయ్యలేదు అని కాకుండా, వచ్చే ఏడాది ట్రిపుల్ ఎకి తయారవ్వాలంటే ఇవాల్యుయేషన్‌లో ఏం తక్కువైంది అని అడగండి. ఆ ఉత్తరానికి నేనెప్పుడూ ఒక పేజీ జవాబు రాసేవాణ్ని. మొదటి రకం ఉత్తరాలకి రెండు లైన్లు రాసేవాణ్ని, ఎందుకంటే అందులో వేరే పిల్లల గురించి మాట్లాడాల్సి వస్తుంది, అది చెయ్యకూడదు. కోచ్‌లు తమ పిల్లల్ని, తమ పిల్లల స్నేహితుల్ని పైకి తీసుకుంటారన్న అనుమానం మీ మాటల్లో కనిపించింది. అలా జరగదని నేను చెప్పలేను, జరుగుతుంది. మీ సంగతిలో మాత్రం తొమ్మిది నెలల తేడాయే చాలినంత కారణం.

స్నేహితుడు పైన ఆడుతున్నాడు, తను కింద ఆడుతున్నానని మీవాడు చిన్నబుచ్చుకుంటే ఏం చెప్పాలని అడిగారు. వాడికి తేదీల లెక్క చెప్పండి. ఎనిమిదేళ్ల పిల్లలకి క్యాలెండర్ బాగా అర్థమవుతుంది. అక్టోబర్ నుంచి జూలై దాకా వేళ్ల మీద వాడితోనే లెక్కపెట్టించండి. నేను చాలామంది పిల్లలకి ఇలా చెప్పాను. వాళ్లు మనకంటే తొందరగా సమాధానపడతారు. ఇంట్లో ‘కింది డివిజన్’ అనే మాట మాత్రం వాడకండి. జట్టు పేరుతో పిలవండి.

ట్రిపుల్ ఎ రుచి చూపించాలని ఉంటే ఫాల్ బాల్ ఉంది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఆడే ఆ ఆటలో చాలా లీగులు పిల్లల్ని వచ్చే వసంతంలో ఆడబోయే వయసు ప్రకారం వేస్తాయి. అప్పటికి మీవాడికి నిజంగానే తొమ్మిది నిండుతాయి, ఒక సీజన్ కిడ్ పిచ్ చూసి ఉంటాడు, పాయింట్ల పట్టిక గొడవ ఉండదు, గెలుపు కోసం ఎవరూ అరవరు. వేగమైన బంతిని మొదటిసారి చూడటానికి అంతకన్నా మంచి చోటు లేదు.

మార్చిలో ఆటలు మొదలయ్యాక మొదటి నాలుగు మ్యాచ్‌లలో బ్యాక్‌స్టాప్ (హోమ్ ప్లేట్ వెనకుండే కంచె) వెనక కాకుండా ఫస్ట్ బేస్ వైపు కంచె దగ్గర నిలబడండి. అక్కడి నుంచి బ్యాటర్ ముందు కాలు స్పష్టంగా కనిపిస్తుంది. బంతి వదిలినప్పుడు మీవాడి పాదం పిచర్ వైపు పడుతోందా, పక్కకి జరుగుతోందా, బ్యాటింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ ఒక గీత చొప్పున రాసుకోండి. ఆ గీతలు నాకు పంపండి, ఫాల్‌లో ఏ డివిజన్ అడగాలో వాటిని చూసి చెప్తాను.